వాద్యాల తయారీలో అయస్కాంత మందమాపకం

అయస్కాంత మందమాపకం అనునది చెక్క, ప్లాస్టిక్, గాజు వంటి అయస్కాంత లక్షణం లేని పదార్థాల మందాన్ని, వాటికి ఇరువైపులా ఉంచిన రెండు వస్తువుల మధ్య గల అయస్కాంత ప్రభావం ఆధారంగా కొలిచే సాధనం. ఆ రెండింటిలో కనీసం ఒకటి అయస్కాంతమై ఉండాలి. రెండవది మరొక అయస్కాంతం గాని, చిన్న ఉక్కు గోళీ గాని కావచ్చు. వయొలిన్, గిటార్, వీణ, తంబుర వంటి తంత్రీ వాద్యాలలో నాదపేటికను ఒకసారి మూసిన తరువాత దాని పలకల మందాన్ని విప్పకుండా తెలుసుకొనడానికి ఈ సాధనం ఉపయోగపడుతుంది. వాద్య తయారీదారులు, మరమ్మతుదారులు దీనిని ముఖ్యంగా వయొలిన్, గిటార్ల విషయంలో వాడుతున్నారు. తెలుగునాట ప్రసిద్ధమైన బొబ్బిలి, నూజివీడు వీణల వంటి పనస చెక్క వాద్యాలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

మందం ఎందుకు ముఖ్యం

వాద్యపు పలక పలచబడితే దాని బరువు తగ్గుతుంది. అంతకంటె ఎక్కువగా దాని బిగువు, అనగా వంగకుండా నిలిచే శక్తి తగ్గుతుంది. బరువు మందానికి అనులోమానుపాతంలో ఉండగా, బిగువు మందం యొక్క ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఉదాహరణకు 3 మి.మీ. మందం గల పలకను 2.7 మి.మీ.కు చెక్కినామనుకొందాం. మందం తగ్గినది 10 శాతమే. బరువు కూడా 10 శాతమే తగ్గుతుంది. బిగువు మాత్రం 0.9 యొక్క ఘనానికి, అనగా 0.729 వంతుకు పడిపోతుంది. అంటే సుమారు 27 శాతం నష్టం. కంటికి ఆనని 0.3 మి.మీ. తేడా చెవికి స్పష్టంగా తెలియడానికి కారణం ఇదే.

వయొలిన్ పై పలక సాధారణంగా 2.5 నుండి 3 మి.మీ. వరకు ఉంటుంది. వెనుక పలక నడుమ 4 మి.మీ. పైన ఉండి అంచుల వైపు పలచబడుతుంది. పలక అంతటా ఒకే మందం ఉండదు. ఎక్కడ ఎంత ఉంచవలెనన్నదే తయారీదారుని విద్య. పలక విడిగా ఉన్నంతవరకు కొలత కష్టం కాదు. పొడవైన చేతులు గల కాలిపర్స్ పలక అంచు దాటి నడుమ వరకు చేరుతుంది. పాఠశాల ప్రయోగశాలలో విద్యార్థులు వాడే స్క్రూగేజి ఈ పనికి చాలదు. దాని చట్రం లోతు చిన్నది కనుక పలక అంచును తప్ప నడుమను అందుకొనలేదు. పేటికను మూసిన తరువాత ఏ కాలిపర్స్ కూడా పనికిరాదు. జిగురు ఊడదీసి పలకను విప్పడం పాత వాద్యాలకు ప్రమాదకరం.

పని చేసే సూత్రం

చెక్క అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకొనదు. దాని సాపేక్ష పారగమ్యత దాదాపు 1, అనగా గాలితో సమానం. అందువలన పలకకు ఇటు అటు ఉన్న రెండు అయస్కాంతాలకు నడుమ చెక్క ఉన్నదో, గాలి ఉన్నదో తెలియదు. దూరం మాత్రమే తెలుస్తుంది. పలకకు రెండు వైపులా అవి ఆనుకొని ఉంటే ఆ దూరమే పలక మందం. పనస అయినా, స్ప్రూస్ అయినా, మేపుల్ అయినా ఫలితం ఒక్కటే. కనుక ప్రతి రకపు కర్రకు వేరుగా సాధనాన్ని సరిచేయవలసిన పని లేదు. ధ్వని తరంగాలతో మందం కొలిచే అతిధ్వని పరికరానికి ఈ సౌలభ్యం లేదు. చెక్కలో ధ్వని వేగం కర్ర జాతిని బట్టి, నార దిశను బట్టి మారుతూ ఉండడమే అందుకు కారణం.

పాఠ్యపుస్తకాలలో అయస్కాంత ధ్రువాల మధ్య బలం విలోమ వర్గ నియమాన్ని పాటిస్తుందని చదువుతాము. అది విడి ధ్రువాలకు సంబంధించిన మాట. నిజమైన అయస్కాంతంలో రెండు ధ్రువాలూ కలిసే ఉంటాయి. ఒకే అక్షం మీద ఉన్న రెండు చిన్న అయస్కాంతాల మధ్య బలం, వాటి దూరం తగినంత ఎక్కువగా ఉన్నప్పుడు, దూరపు నాలుగవ ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. దూరం రెట్టింపైతే బలం పదహారవ వంతుకు తగ్గుతుంది. అక్షం మీది క్షేత్ర తీవ్రత దూరపు ఘనానికి విలోమానుపాతంలో ఉండి, దూరం రెట్టింపైతే ఎనిమిదవ వంతు అవుతుంది. ఇంత వేగంగా మారే రాశి కనుకనే మి.మీ.లో చిన్న భాగాలను కూడా దీని ద్వారా గుర్తించడం సాధ్యమైనది. అయితే వాద్యపు పలక మందం అయస్కాంతం పరిమాణంతో పోల్చదగినంత చిన్నది కాబట్టి ఈ సూత్రాలు యథాతథంగా వర్తించవు. సాధనం మీది స్కేలును లెక్క కట్టి గీయరు. తెలిసిన మందాలు గల బిళ్ళలతో పోల్చి గీస్తారు. మందం పెరిగిన కొద్దీ ప్రభావం బలహీనమై కొలత ఖచ్చితత్వం తగ్గుతుంది.

రకాలు

మొదటిది స్ప్రింగు రకం. దీనిలో ప్రసిద్ధమైనది జర్మనీకి చెందిన మాక్స్ హాక్లింగర్ పేరు మీద హాక్లింగర్ గేజి అని పిలువబడే సాధనం. మెత్తని తోలు గాని, ఉన్ని గుడ్డ గాని చుట్టిన చిన్న అయస్కాంతాన్ని నాదరంధ్రం గుండా పేటికలోనికి వదులుతారు. బయట ఒక గొట్టంలో స్ప్రింగుకు కట్టిన మరొక అయస్కాంతం ఉంటుంది. బయటి గొట్టాన్ని పలక మీద ఆనించగానే లోపలి అయస్కాంతం ఆకర్షింపబడి పలక అడుగు భాగానికి అతుక్కొంటుంది. అప్పుడు పిడిని నెమ్మదిగా వెనుకకు లాగుతారు. స్ప్రింగు సాగుతుంది. దాని బలం ఆకర్షణను మించిన క్షణాన బయటి అయస్కాంతం విడివడుతుంది. ఆ క్షణాన స్కేలు మీద కనిపించే అంకె పలక మందం. పలక పలచనైతే ఆకర్షణ ఎక్కువ, స్ప్రింగు ఎక్కువ సాగాలి. పలక మందమైతే తక్కువ సాగితే చాలు. విద్యుత్తు గాని, బ్యాటరీ గాని అక్కరలేదు. గొట్టాన్ని పలక మీద జరిపితే లోపలి అయస్కాంతం కూడా దాని వెంట నడుస్తుంది. ఒకసారి లోపల వేసిన తరువాత పలక అంతటా కొలుచుకొంటూ పోవచ్చును.

ఇదే లాగుడు సూత్రంతో ఉక్కు మీది రంగు పూత మందాన్ని కొలిచే గేజిలు కూడా ఉన్నాయి. అక్కడ ఉక్కే రెండవ వస్తువు పాత్ర వహిస్తుంది కనుక ఒక్క అయస్కాంతం చాలు. ఈ రెండింటి పేర్లు ఒకటిగా వినిపించడం వలన కొనుగోలుదారులు పొరబడే అవకాశమున్నది. రంగు పూత గేజి చెక్క మీద పనిచేయదు.

రెండవది హాల్ ప్రభావం మీద ఆధారపడిన ఎలక్ట్రానిక్ రకం. విద్యుత్తు ప్రవహిస్తున్న పలుచని వాహకాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, ప్రవాహానికీ క్షేత్రానికీ లంబంగా ఒక చిన్న వోల్టేజి ఏర్పడుతుందని అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్నాడు. ఈ వోల్టేజిని కొలిస్తే క్షేత్ర తీవ్రత తెలుస్తుంది, దాని నుండి దూరం తెలుస్తుంది. ప్లాస్టిక్ సీసాల గోడల మందం పరీక్షించడానికి పరిశ్రమలలో వాడే మాగ్నా-మైక్ అనే సాధనంలో అయస్కాంతం, హాల్ సెన్సారు రెండూ బయటి భాగంలోనే ఉంటాయి. సీసా లోపల చిన్న ఉక్కు గోళీ మాత్రం వేస్తారు. గోళీ దగ్గరగా ఉంటే క్షేత్రం ఒక విధంగా, దూరమైతే మరొక విధంగా మారుతుంది. గిటార్ తయారీదారులు వాడే కొన్ని సాధనాలలో ఇందుకు భిన్నంగా అయస్కాంతం లోపల, సెన్సారు బయట ఉంటాయి. రెండింటిలోనూ మందం అంకెల రూపంలో వెంటనే కనిపిస్తుంది. లాగి విడదీయవలసిన పని లేదు. చేతి జరుగుదలతో పాటు అంకె మారుతూ ఉండడం చూస్తే పలకలోని ఎత్తుపల్లాలు కళ్ళకు కట్టినట్లు తెలుస్తాయి.

ఈ సాధనాలు ఇంత చిన్నవిగా మారడానికి నియోడిమియం అయస్కాంతాలు తోడ్పడినాయి. నియోడిమియం, ఇనుము, బోరాన్‌ల ఈ మిశ్రమాన్ని 1980ల తొలి భాగంలో జపాన్, అమెరికాలలో వేరు వేరుగా రూపొందించారు. గోరంత బిళ్ళ కూడా వయొలిన్ పలకకు అటు నుండి ఇటు లాగగల శక్తి కలిగి ఉంటుంది.

వీణకు అన్వయం

తెలుగువారి వీణ తయారీలో రెండు కేంద్రాలు పేరెన్నికగన్నవి. ఒకటి విజయనగరం జిల్లాలోని బొబ్బిలి, దాని సమీప గ్రామమైన గొల్లపల్లి. రెండవది నూజివీడు. ఇది 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆ సంవత్సరపు పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరినది. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించినది. రెండు చోట్లా ప్రధానమైన కర్ర పనస. నేటి సరస్వతీ వీణకు 24 స్థిరమైన మెట్లతో కూడిన రూపం 17వ శతాబ్దంలో తంజావూరు నాయక రాజు, తెలుగు కవి అయిన రఘునాథ నాయకుని కాలంలో ఏర్పడినదని ప్రసిద్ధి.

కుండ, దండి, యాళి ముఖం ఒకే దుంగ నుండి చెక్కిన దానిని ఏకాండి వీణ అంటారు. దుంగను బాడిసతో రూపుకు తెచ్చి, ఉలితో లోపలి భాగాన్ని తొలిచి, కుండను గిన్నె వలె పలచబరుస్తారు. దాని మీద పై పలకను అతికిస్తారు. పని జరుగుతున్నంతసేపు తయారీదారునికి కొలబద్ద అతని చేతివేళ్ళే. బొటనవేలు లోపల, మిగిలిన వేళ్ళు బయట ఉంచి తడుముతాడు, వేలి కణుపుతో తట్టి వింటాడు. ఈ విద్యను తక్కువగా చూడరాదు. తట్టినప్పుడు వచ్చే శబ్దంలో మందం ఒక్కటే కాక కర్ర సాంద్రత, ఎండిన తీరు కూడా కలిసి వినిపిస్తాయి. ఏ మందమాపకమూ ఈ రెండింటినీ చెప్పలేదు. కాని వేళ్ళకు తెలిసినది కాగితం మీదికి రాదు. పేరుపొందిన ఒక వీణ నాదం ఎందుకు బాగున్నదో తరువాతి తరం తెలుసుకొనవలెనంటే, దానిని చేసిన చేయి లేనప్పుడు కొలత ఒక్కటే ఆధారం. అటువంటి వీణను విప్పడానికి ఏ విద్వాంసుడూ ఒప్పుకొనడు. అయస్కాంత మందమాపకం విలువ ఇక్కడ బాగా తెలుస్తుంది.

మరొక కారణం కర్ర. ఏకాండి వీణకు వలసినంత లావు, పొడవు గల పనస దుంగ ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. కుండ ఒక చోట అతిగా పలచబడితే అతుకు వేసి సరిచేయడానికి వీలుండదు, ఏకాండి అనే పేరే పోతుంది. పై పలక అతికించక ముందు కుండ తెరిచే ఉంటుంది కనుక ఆ దశలో వంపు చేతుల కాలిపర్స్‌తో కొలవడం సాధ్యమే. గిన్నె లోతుగా ఉండి చేతులు అందని చోట, దండి వైపు ఇరుకైన భాగంలో, అయస్కాంతం సులభంగా చేరుతుంది. పూర్తయిన వీణకు పై పలక మీద ఉండే నాదరంధ్రాలు చాలా చిన్నవి. వాటిలో పట్టే సన్నని ఉక్కు గోళీ గాని, బిళ్ళ గాని ఎంచుకొని, తిరిగి రంధ్రం వద్దకే నడిపించి బయటకు తీయాలి.

వీణ తీగలలో కొన్ని ఉక్కువి. అవి సాధనానికి దగ్గరగా ఉంటే కొలత తప్పుతుంది. మెట్లు కంచుతోనో ఇత్తడితోనో చేసినవి కనుక వాటి వలన బాధ లేదు. పై పలకను కొలిచేటప్పుడు తీగలు విప్పడం మంచిది. కుండ అడుగు భాగానికి ఆ అవసరం రాదు. వీణ గుర్రం మీది లోహపు రేకు సాధారణంగా అయస్కాంతానికి అంటదు. ఆ గుర్రపు వంపు వీణ నాదంలో వహించే పాత్రను సి.వి.రామన్ 1921లో ప్రచురించిన వ్యాసంలో చర్చించాడు. రామన్ బాల్యం విశాఖపట్టణంలో గడిచినది. భారతీయ వాద్యాలను భౌతిక శాస్త్ర దృష్టితో పరిశీలించినవారిలో ఆయన ఆద్యుడు.

వంపు వలన కలిగే దోషం

లోపల వేసే వస్తువు చదునైన బిళ్ళ అయితే, పుటాకారపు తలం మీద అది అంచుల మీదనే నిలుస్తుంది. మధ్యలో గాలి సందు మిగులుతుంది. ఆ సందును కూడా సాధనం చెక్కగానే లెక్కిస్తుంది కనుక మందం ఎక్కువగా చూపుతుంది. ఈ దోషం ఎంతో సులభంగా లెక్కకట్టవచ్చును. 170 మి.మీ. వ్యాసార్ధం గల వీణ కుండలో 10 మి.మీ. వ్యాసం గల బిళ్ళ వేస్తే సందు 0.07 మి.మీ. మాత్రమే. దీనిని లెక్కలోనికి తీసుకొనవలసిన పని లేదు. అదే బిళ్ళను లోపలి వ్యాసార్ధం 10 మి.మీ. గల నాదస్వరపు గొట్టంలో అడ్డంగా ఉంచితే సందు సుమారు 1.3 మి.మీ. అవుతుంది. ఇది గోడ మందంతో పోల్చదగినది. అటువంటి కొలతకు అర్థం లేదు. సన్నని గొట్టాలకు గోళీయే తగినది. గోళీ ఒకే బిందువు వద్ద గోడను తాకుతుంది.

బయటి నుండి సాధనాన్ని తలానికి లంబంగా పట్టుకొనాలి. పక్కకు వంచితే దూరం పెరిగినట్లు తోస్తుంది. కుండ వంటి కుంభాకార తలం మీద ఈ పొరబాటు తేలికగా జరుగుతుంది కనుక ఒకే చోట మూడు నాలుగు సార్లు కొలిచి, వచ్చిన వాటిలో అతి తక్కువ అంకెను తీసుకొనడం ఉత్తమం.

పల్నాడు ప్రాంతం

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో బొబ్బిలి వంటి ప్రసిద్ధ వీణా తయారీ కేంద్రం లేదు. కాని వాద్యాలతో ఈ ప్రాంతానికి గల సంబంధం ప్రాచీనమైనది. ఈ జిల్లాలోనే ఉన్న అమరావతి బౌద్ధ స్తూపపు శిల్పాలలో విల్లు ఆకారపు వీణలు వాయించే స్త్రీలు కనిపిస్తారు. ఆ వీణకు మెట్లు లేవు. అది ఈనాటి వీణ కంటె పాశ్చాత్యుల హార్పు జాతికి దగ్గరగా ఉంటుంది. వీణ అనే పేరు ఒకటే అయినా వాద్యం పూర్తిగా మారిపోయినదనడానికి ఈ శిల్పాలు సాక్ష్యం.

ఇదే జిల్లాలోని చిలకలూరిపేట నాదస్వర విద్యకు పేరుపొందినది. పద్మశ్రీ షేక్ చినమౌలానా (1924-1999) ఇక్కడి షేక్ ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొందాడు. తరువాత ఆయన శ్రీరంగంలో స్థిరపడి, తంజావూరు బాణీ నాదస్వర విద్వాంసునిగా కీర్తి గడించి, 1998లో సంగీత కళానిధి అయినాడు. నాదస్వరంలో ధ్వనిని నిర్ణయించేది ప్రధానంగా లోపలి శంకువు ఆకారపు రంధ్రం. గోడ మందం కొలత దాని తరువాతిది. అయినా రంధ్రం నడుమనే ఉన్నదా, ఒక పక్కకు ఒరిగినదా అన్న ప్రశ్నకు గోడ మందం చుట్టూ కొలవడమే సరళమైన సమాధానం. ఒక పక్క పలచనైన గొట్టం ఎండకు చీలుతుంది.

ఎండ మాట వచ్చినప్పుడు రెంటచింతలను తలచకుండా ఉండలేము. గురజాల సమీపంలోని ఈ ఊరు ఆంధ్రప్రదేశ్‌లో వేసవి ఉష్ణోగ్రతలకు పేరుమోసినది. ఇక్కడ పాదరసం 45 డిగ్రీల సెల్సియస్ దాటడం అరుదు కాదు. పొడి గాలికి కర్ర తేమ కోల్పోయి కుంచించుకుపోతుంది. ఈ కుదింపును మందమాపకంతో పట్టుకొనవచ్చునా అంటే, లేదనే చెప్పాలి. ఒక పలక అడ్డంగానూ, మందంలోనూ 1 శాతం చొప్పున కుంచించుకుపోయినదని అనుకొందాం. 3 మి.మీ. మందంలో ఆ తేడా 0.03 మి.మీ. స్ప్రింగు గేజికి ఇది అందదు. 30 సెం.మీ. వెడల్పులో అదే 1 శాతం 3 మి.మీ. అవుతుంది. పలక అంచులు అతుక్కొని కదలలేనప్పుడు ఈ 3 మి.మీ. బిగుతే నెర్రెగా బయటపడుతుంది. తీర ప్రాంతపు తేమలో చేసిన వాద్యం మాచెర్ల, గురజాల వంటి చోట్లకు వచ్చి వేసవిలో పగలడానికి కారణమిదే. పలచని చోటు ముందుగా ఎండుతుంది కనుక, నెర్రె పడిన వాద్యాన్ని అతికించే ముందు ఆ చుట్టుపక్కల మందం కొలిచి చూడడం మరమ్మతుదారునికి ఉపయోగకరం. లోపలి నుండి చెక్క పట్టీ వేయవలెనా, జిగురు చాలునా అన్నది ఆ కొలతను బట్టి నిర్ణయించవచ్చును.

కొలిచే పద్ధతి, జాగ్రత్తలు

ముందుగా సాధనాన్ని తెలిసిన మందం గల బిళ్ళల మీద సరిచూసుకొనాలి. స్క్రూగేజితో కొలిచి ఉంచుకొన్న చెక్క ముక్కలు, ప్లాస్టిక్ కార్డులు ఇందుకు సరిపోతాయి. బయటి వైపు వార్నిష్ గీత పడకుండా పలుచని కాగితం వేస్తే, దాని మందాన్ని ప్రతి కొలత నుండి తీసివేయాలి. విద్యార్థులకు తెలిసిన శూన్యాంశ దోషం వంటిదే ఇది.

తరువాత పలక మీద 2 సెం.మీ. దూరంతో గడులు ఊహించుకొని, ప్రతి గడి వద్ద వచ్చిన అంకెను వాద్యపు రేఖాచిత్రంలో వ్రాసుకొంటారు. సమాన మందం గల బిందువులను గీతతో కలిపితే, భూగోళ పటంలోని సమోన్నత రేఖల వంటి పటం తయారవుతుంది. ఆ పటంతో పాటు తేదీ, ఋతువు, కర్ర జాతి కూడా నమోదు చేయాలి. పాశ్చాత్య దేశాలలో పాత వయొలిన్లకు ఇటువంటి పటాలు విస్తారంగా ఉన్నాయి. స్ట్రాడివరి 1704లో చేసిన బెట్స్ అనే వయొలిన్‌ను ఆసుపత్రిలోని సి.టి. స్కానరుతో చిత్రించి, 2011లో దాని నకలు చేశారు. స్కానరు ఇచ్చేంత వివరం మందమాపకం ఇవ్వదు, కాని దానికి ఆసుపత్రి అక్కరలేదు.

బలమైన అయస్కాంతాలను ఒక్కసారిగా దగ్గరకు తెస్తే అవి దూకి పలకను రెండు వైపులా కొడతాయి. పలచని పలక మీద గుంట పడవచ్చును, నియోడిమియం పెళుసు కనుక అయస్కాంతమే పగిలి ముక్కలు లోపల ఉండిపోవచ్చును. బయటి భాగాన్ని కొంత ఎత్తు నుండి నెమ్మదిగా దించాలి. వయొలిన్‌లో పై పలక అడుగున బేస్ బార్ అనే చెక్క కడ్డీ ఉంటుంది. అయస్కాంతం దాని మీదికి ఎక్కినప్పుడు అంకె హఠాత్తుగా పెరుగుతుంది. దానిని పలక మందంగా భ్రమించరాదు. గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు ఈ అయస్కాంతాలను ఛాతీ దగ్గరకు తీసుకొనరాదు.

తరగతి గదిలో ప్రయోగం

ఈ సూత్రాన్ని ఉన్నత పాఠశాల విద్యార్థులు స్వయంగా పరీక్షించవచ్చును. రెండు చిన్న బిళ్ళ అయస్కాంతాలు, ఒక స్ప్రింగు త్రాసు, ఒకే మందం గల కొన్ని పోస్టుకార్డులు చాలు. ఒక అయస్కాంతాన్ని బల్లకు టేపుతో గట్టిగా అంటించి, దాని మీద ఐదు కార్డులు పేర్చాలి. రెండవ అయస్కాంతాన్ని త్రాసు కొక్కేనికి కట్టి కార్డుల మీద ఆనించి, మెల్లగా పైకి లాగాలి. విడివడిన క్షణాన త్రాసు చూపిన బలాన్ని వ్రాసుకొనాలి. కార్డుల సంఖ్యను ఐదేసి చొప్పున పెంచుతూ పోయి, మందానికీ బలానికీ గ్రాఫు గీయాలి. వచ్చేది సరళరేఖ కాదు. మొదట నిటారుగా పడి, తరువాత చదునయ్యే వక్రం. ఆ గ్రాఫు సిద్ధమైన తరువాత కార్డుల స్థానంలో మందం తెలియని చెక్క పలకను ఉంచి, బలాన్ని కొలిచి, గ్రాఫు నుండి మందం చదివి, చివరకు స్క్రూగేజితో సరిచూసుకొనవచ్చును.

చరవాణిలోని దిక్సూచి సెన్సారుతో ఇదే ప్రయోగం చేయవచ్చునని కొందరికి తోచవచ్చు. మన ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు. అటువంటి బలహీన క్షేత్రం కోసం చేసిన సెన్సారుకు కొద్ది మి.మీ. దూరంలో నియోడిమియం బిళ్ళను ఉంచితే అది కొలవగల హద్దు దాటిపోతుంది. పది, పదిహేను సెం.మీ. దూరంలో ఉంచి క్షేత్రం దూరంతో ఎట్లా తగ్గుతుందో చూపడానికి మాత్రం అది చక్కగా పనికివస్తుంది.